వెనక్కి తిరగని పిడి

ఆదివారం, ధర్మవరం

పట్టునూలు ఉతికీ ఉతికీ మరదలి చేతులు పుండ్లు పడ్డాయని తమ్ముడు ఒక యంత్రం చేశాడు. ఫోన్‌లో పాతకాలపు బట్టలుతికే యంత్రం బొమ్మ చూశాడట. చెక్క పీపా, లోపల కొయ్యలు, బయట చేత్తో తిప్పే పిడి.

మొన్న నాకు చూపించాడు. మగ్గాలు బాగుచేసేవాణ్ణి, ఒక్క చూపు చాలు. నేసిన చీర వెనక్కి జారకుండా మగ్గానికి పెట్టే పళ్లచక్రాన్ని దీనికీ బిగించాడు. పిడి ఇక ఒకవైపే తిరుగుతుంది. ముందుకీ వెనక్కీ తిరగకపోతే లోపల నూలంతా మెలిపడిపోతుంది. చెప్పబోయాను. "వానికుండే తెలివి నీకు యాడ వస్తాదిరా" అని నాయన జీవితమంతా అన్న మాట గుర్తొచ్చింది.

"బాగుండాది" అన్నాను.

ఈరోజు వీధంతా చూస్తుండగా తిప్పాడు. మూత తీస్తే మూడు చీరల పట్టు ఒకటే ముద్ద. మరదలు ఆ పుండ్ల చేతులతోనే చిక్కు తీస్తూ కూర్చుంది. నవ్వు ఆగక దగ్గినట్టు నటించాను.

సాయంత్రం తమ్ముడు వచ్చాడు. "అన్నా, నీకు తెలిసింటే ముందే చెప్పింటావు కదా?"

"చెప్పకుండా ఉంటానా" అన్నాను.

నమ్మాడు, నాయన మెచ్చిన ఆ తెలివిగలవాడు.