కంచరి వస్తే బాయిలర్ ఇవ్వకండి

ఏవండీ,

ఉంగుటూరులో అక్కయ్యను చూసి సాయంత్రానికి వచ్చేస్తాను. కంచరి వీరాచారి ఇవాళ రాగి బాయిలర్ తీసుకుని బదులు కాగు ఇస్తానన్నాడు. బాయిలర్ ఇవ్వకండి. "ఈ ఎండల్లో వేడినీళ్లు నిలవ ఉంచడమేంటి? కావలసినప్పుడు కాగులో కాచుకుంటే చాలదా?" అన్నది మీరే.

మరి మూడు రోజులుగా మధ్యాహ్నం బాయిలర్ ఎందుకు కాగుతోంది? నిప్పు వేసింది నేను కాదు. స్నానాల గది తలుపు వెనక ఆముదం వాసన కొట్టే గుడ్డ దొరికింది. పాలేరు మల్లయ్య చిన్నరసం మామిడిచెట్టు మీద నుంచి పడి నడుం పట్టేసిందని మీరే అన్నారు కదా. నిన్న అతను మామిడికాయల బుట్ట నెత్తిన పెట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. "నడుం ఎలా ఉంది?" అంటే, "నాకేంటండీ అమ్మగారూ, అయ్యగారినే అడగండి" అని నాలుక కరుచుకున్నాడు.

కాగు దించాలంటే వంగాలి. బాయిలర్‌కు కుళాయి ఉంది. నీళ్లు నింపి, నిప్పు వేసే వెళుతున్నాను. దర్జాగా కాపడం పెట్టుకోండి. మల్లయ్యను తిట్టకండి.

బుజ్జమ్మ

ఆముదం నేను వచ్చాక రాస్తాను. వెనక్కి చెయ్యి అందక గోడకంతా పూశారు.