గురువారాల ఒక్కపొద్దు

జులై 3, గురువారం

హాస్పిస్‌లో మొదటి రోజు. కర్నూలు దాటాక నంద్యాల రోడ్డు మీద ఉంది. ఇక నయం కాదని ఆసుపత్రుల వాళ్లు పంపేసిన పేషెంట్లు ఇక్కడ ఉంటారు. వాలంటీర్‌గా నా పని చిన్నదే. తల దువ్వడం, అన్నం తినిపించడం, పక్కన కూర్చుని మాటలు వినడం.

మధ్యాహ్నం వాలంటీర్లు కూడా పేషెంట్లతో పాటే వార్డులో తినాలట. ఇక్కడి పద్ధతి. వంటచేసే కరుణమ్మ నాకూ పళ్లెం తెచ్చింది. ఈ రోజు ఒక్కపొద్దు అన్నాను. రాఘవేంద్రస్వామికి గురువారాలు ఉంటానన్నాను. నోటికి ఎలా వచ్చిందో వచ్చేసింది.

తిరిగి వస్తూ కారు ఆపి హోటల్లో దోసె తిన్నాను.

జులై 10

మళ్లీ ఒక్కపొద్దు. మళ్లీ దోసె.

ఎందుకో ఇక్కడైనా రాసుకోవాలి. కరుణమ్మ ఊరి చివర క్రిస్టియన్ పేటలో ఉంటుంది. మా అవ్వ అలాంటి పేటల వాళ్ల చేతి నీళ్లు తాగేది కాదు. నేను ఆమెలాంటిదాన్ని కాదని కాలేజీ రోజుల నుంచీ చెప్పుకుంటూ వస్తున్నాను. కరుణమ్మ వంట శుభ్రంగా ఉంటుంది. పప్పు వాసనకు నిజంగానే ఆకలి వేసింది. అయినా చెయ్యి పోలేదు. హోటల్లో దోసె పోసినవాడు ఎవరో మాత్రం నేను అడగలేదు.

కృపమణమ్మకు తినిపించాను. కోడుమూరు వైపు పల్లె. పత్తి చేలల్లో కూలికి పోయి బతికిన మనిషి. రొమ్ములో మొదలైన క్యాన్సర్ ఎముకలకు పాకింది. తినేది నాలుగు ముద్దలు, దానికీ బతిమాలించుకుంటుంది. మొగుడు మంచోడేనా, పిల్లోళ్లు మాట ఇంటారా అని నన్నే ఇంటర్వ్యూ చేసింది. అందరూ బాగున్నారన్నాను. నమ్మలేదు. అంతా బాగుంటే వారం వారం ఒక్కపొద్దు ఎందుకుంటావమ్మా అంది.

జులై 17

గుమ్మంలోనే నర్స్ స్తుతి పట్టుకుంది. కృపమణమ్మ వారం నుంచి పగలు ఏమీ తినడం లేదట. ఉపవాస ప్రార్థనలో ఉండాను అంటోందట. పొద్దుగూకినాక కాస్త గంజి, అంతే. ఖాళీ కడుపున మాత్రలు వేసుకుని కక్కేస్తోందట. ఇలాగే ఉంటే ఆమె దసరా దాకా ఉండదని డాక్టర్ చెప్పారట. ఎవరి కోసమో చెప్పడం లేదు, మీరంటే ఇష్టం కదా సుప్రజ మేడమ్, మీరన్నా అడగండి అంది స్తుతి.

అడిగాను. నీ కోసమే అంది. నీదేం కష్టమో పైకి చెప్పుకోలేక ఉపాసముండావు, నీకు ఇయ్యనీకె నా కాడ ఇంకేముండాది, నేనూ నీతో పాటు ఉంటా, మీ సామి ఇనకపోతే మా దేవుడన్నా ఇంటాడు అంది.

నవ్వి ఊరుకున్నాను. నవ్వాను నేను. ఇంటికొచ్చి కడుపు నిండా తిన్నాను కూడా. సిగ్గు లేదు నాకు.

జులై 18

స్తుతికి ఫోన్ చేసి చెప్పేద్దామనుకున్నాను. రింగ్ అవుతుండగానే కట్ చేశాను.

జులై 19, శనివారం

నా రోజు కాకపోయినా వెళ్లాను. కృపమణమ్మ మంచం పక్కన కూర్చుని, కరుణమ్మను పిలిచి నాకు అన్నం పెట్టమన్నాను. సంగటి, ఊరుబిండి పచ్చడి. మొదటి ముద్ద గొంతు దిగలేదు. అది కూడా రాస్తున్నాను. తర్వాత బాగుంది. మారు పెట్టించుకున్నాను. నేను తింటే ఆమె కూడా తింటుంది, నిజం చెప్పే పని తప్పుతుంది. అదీ నా లెక్క.

తీరినాదా తల్లీ నీ కష్టం అని అడిగింది. తల ఊపాను.

దేవునికి స్తోత్రం అని లేచి కూర్చుంది. వార్డందరికీ వినబడేలా సాక్ష్యం చెప్పింది. చూడండి, ఈయమ్మకు జవాబొచ్చినాది, ఒక్కపొద్దులు ఇడిసిపెట్టి నా పక్కన కూసోని తింటాండాది అని. మంచాల మీది వాళ్లు చప్పట్లు కొట్టారు. స్తుతి కళ్లు తుడుచుకుంది. కరుణమ్మ నాకు ఇంకో గరిటె వేసింది. కృపమణమ్మ పళ్లెం ఖాళీ చేసింది.

లేచి పారిపోవాలనిపించింది.

జులై 24

కృపమణమ్మ ఐదు రోజులుగా బాగా తింటోంది. మొహంలో కళ వచ్చింది. నోరు మూసుకుని ఉండాల్సింది. ఉండలేకపోయాను.

ఆదివారం పాస్టర్ గారు వస్తే ఆయనకూ నా సంగతి చెప్పిందట. ఈ రోజు కొత్తగా చేరిన ఒకావిడ నా చెయ్యి తీసుకుని తన తల మీద పెట్టుకుంది. ఇక తట్టుకోలేకపోయాను. కృపమణమ్మ దగ్గరికి పోయి చెప్పేశాను. ఒక్కపొద్దు అబద్ధం. కష్టమూ లేదు, జవాబూ లేదు. మీ వాళ్లు వండింది తినడం ఇష్టం లేక అన్నాను.

తిట్టలేదు. కరుణమ్మకు తెలుసునా అని అడిగింది. తెలియదన్నాను. చెప్పొద్దులే, ఆయమ్మ శానా బాధపడతాది అంది. అటు తిరిగి పడుకుంది.

వచ్చేటప్పుడు స్తుతికీ చెప్పాను. ఆమె ఊరుకోలేదు. ఆమెదీ కరుణమ్మ వాళ్ల పేటే. ముసలామె నిమ్మళంగా తింటాండె కదా మేడమ్, మీ బరువు దించుకోనీకె ఆయమ్మే దొరికిందా మీకు అంది. కృపమణమ్మ కోసం అయితే శనివారమే చెప్పేదాన్ని. నాకు బాగా అనిపించడం కోసం చెప్పాను.

జులై 26

స్తుతి ఫోన్ చేసింది. కృపమణమ్మ నిన్న తినలేదు, ఈ రోజూ తినలేదు. అంతా అబద్ధమని సుప్రజ మేడమే చెప్పినారు కదా, ఇంకా ఎవరి కోసం ఉపాసం అని స్తుతి అడిగిందట. ఆయమ్మ కోసమే, ఆయమ్మకుండే కష్టమేందో ఇప్పుడు కదా తెలిసినాది అందట.