ఆయన వేసిన నేలలు

జనవరి 9

ప్రియమైన అన్నయ్యకు,

నన్ను గుర్తుపట్టారో లేదో. మీ స్నేహితుడు టైల్స్ మేస్త్రీ భార్యని. పద్నాలుగేళ్ల కిందట మీరు ఆయనతో పాటు సెలవు మీద వచ్చి మా ఇంట్లో రెండు రోజులున్నారు. ఊరికే కూర్చోలేక నా కుట్టు మిషన్ పెడలు విప్పి బాగుచేశారు కూడా.

ఫోను చేద్దామనుకున్నాను. కానీ కోత మిషన్ మోతకి మీ చెవులు పోయాయని, ఫోనులో ఎవరేం చెప్పినా "ఆ, అందరం బాగున్నాం" అని పెట్టేస్తారని ఆయన చెప్పి నవ్వేవారు. అందుకని రాస్తున్నాను.

ఆయన పోయి ఈ నెలతో రెండేళ్లు నిండాయి. నాకు ఒంట్లో బాగానే ఉంది. అదే ఆల్టరేషన్ కొట్టులో పని. ప్యాంట్ల పొడవు తగ్గించడం, జిప్పులు మార్చడం, లావెక్కినవాళ్లకి నడుము వదులు చెయ్యడం. సాయంత్రం ఇంటికొచ్చి రేడియో పెడతాను. వినడానికి కాదు, ఇంట్లో ఎవరో మాట్లాడుతున్నట్టు ఉంటుందని.

మొన్న కొట్టులో బేరాలు లేక కూర్చుని లెక్కేశాను. పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో ఆయన రెండేళ్లకోసారి వచ్చి నలభై రోజులుండేవారు. అన్నీ కలిపితే ఏడాదిన్నర కూడా తేలలేదు. మిగతా కాలమంతా ఆయన మీ దగ్గరే ఉన్నారు. ఆయన జీవితం ఎక్కువగా మీ దేశంలోనే ఉండిపోయింది, నేను చూసింది కొసరు.

అందుకని రావాలనుకుంటున్నాను అన్నయ్యా. ఆయన నేలలు వేసిన ఊళ్లు చూడాలి. మీ రేవు పట్నంలో రైల్వే స్టేషన్ హాలు, పాత రాజధానిలో పెద్ద మసీదు ముంగిలి, చదువుల ఊళ్లో లైబ్రరీ, కొండ కింద ఊళ్లో ఆసుపత్రి. నాలుగూ. నేనెప్పుడూ ఒంటరిగా రైలెక్కలేదు. పాస్‌పోర్టు మాత్రం తీయించుకున్నాను. అందులో ఫొటో చూస్తే నాకే భయమేసింది, ఎవరి ఇంట్లోనో దొంగతనం చేస్తూ దొరికిపోయినదానిలా ఉన్నాను.

ముందు ఏ ఊరు, తర్వాత ఏ ఊరు? ఒంటరి ఆడదానికి గది ఇస్తారా? తల మీద గుడ్డ వీధిలో కూడా ఉండాలా, మసీదులోనేనా? అసలు నాలాంటిదాన్ని లోపలికి రానిస్తారా? తీరిక చేసుకుని రాయండి.

మీ చెల్లెలు


జనవరి 30

ప్రియమైన చెల్లెమ్మకు,

గుర్తులేకపోవడమేంటమ్మా. నీ ఉత్తరం వచ్చిన రోజు టైల్స్ కొట్టులో మా సేటు నన్ను మూడుసార్లు పిలిచాడట. మామూలుగానే వినపడదు, ఆ రోజు కనపడనూ లేదు. ఈ ఇంట్లో తెలుగు చదివేది నేనొక్కణ్ణే. మీ వదిన ఈ దేశపు మనిషి, పిల్లలకి ఆమె భాషే వచ్చింది. మా వాడు, అదే మీ ఆయన, పోయాక తెలుగులో మాట్లాడాలంటే నాతో నేనే మాట్లాడుకోవాలి, అదీ నాకు వినపడదు.

నువ్వు తప్పకుండా రా. ఉపవాసాల నెలలో మాత్రం వద్దు. పగలు టీ కొట్లు కూడా మూసేస్తారు, కొత్తదానివి ఇబ్బంది పడతావు. మే నెల మంచిది.

విమానం రేవు పట్నంలోనే దిగుతుంది. నేను వస్తాను. రెండు రోజులు మా ఇంట్లో ఉండు. స్టేషన్ హాలు చూపిస్తాను. మూడో రోజు రైలు, ఐదు గంటల్లో పాత రాజధాని. ఆడవాళ్ల పెట్టెలో కిటికీ పక్క సీటు తీసుకో. స్టేషన్ ఎదురుగా ఒక పెద్దావిడ నడిపే చిన్న లాడ్జి ఉంది, ఒంటరి ఆడవాళ్లకి ముందు అక్కడే గది ఇస్తారు. ఒక కాగితం మీద ఆమె భాషలో రాసి ఇస్తాను, చూపిస్తే చాలు.

మసీదుకి శుక్రవారం వెళ్లకు, జనం. మిగతా రోజుల్లో నమాజు వేళలు తప్పించి ఎవరైనా చూడొచ్చు. ఆడవాళ్లకి తూర్పు వైపు వేరే గుమ్మం. తల మీద గుడ్డ అక్కడ తప్పనిసరి, వీధిలో నీ ఇష్టం. చేతులు మణికట్టు దాకా కప్పుకో. ప్రార్థన చేసేవాళ్ల ముందు నుంచి నడవకు. ఇంతకు మించి ఏమీ లేదు. ఆ ముంగిట్లో పలకలు మీ ఆయనా నేనూ పదకొండు నెలలు వేశాం. వాడు రసమట్టం పెట్టి చూసేవాడు, నేను తిట్టేవాణ్ణి, బుడగ వెంట్రుకవాసి జరిగినా పలక లేపించేవాడు.

తర్వాత బస్సులో మూడు గంటలు, చదువుల ఊరు. లైబ్రరీ చూసుకుని తిరిగి మా ఇంటికి. మొత్తం ఎనిమిది రోజులు. మొదటిసారికి మూడు ఊళ్లు చాలమ్మా.

అల్లా నిన్ను చల్లగా చూడాలి.

మీ అన్నయ్య


ఫిబ్రవరి 20

ప్రియమైన అన్నయ్యకు,

మీ ఉత్తరం కొట్టులో కత్తెర పక్కనే పెట్టుకుని రోజుకోసారి చదువుతున్నాను. వీసా కాగితాలు ఇచ్చి వచ్చాను. మిగిలిన లైనింగు ముక్కలతో తలకి రెండు గుడ్డలు కుట్టుకున్నాను, ఒకటి బూడిదరంగు, ఒకటి నీలం.

మా తోటికోడలికి తెలిసింది. తెలిసిన దగ్గర్నుంచీ రోజూ వస్తోంది. "ముస్లిం దేశం అక్కా, ఒంటరి ఆడదానివి, ఏదైనా అయితే ఎవరిని అడుగుతాం?" అంది. "మా అన్నయ్యని అడుగు" అన్నాను. "ఏ అన్నయ్య?" అని తెల్లమొహం వేసింది. నాకు ఆ రోజంతా సరదాగా గడిచింది.

ఒక్క సంగతి. మీ లెక్కలో కొండ కింద ఊరు లేదు. ఆయన ఆఖరి ఏడేళ్లూ ఆ ఆసుపత్రిలోనే కదా పని. నాలుగు అంతస్తులనీ, ఈ చివర నిలబడితే ఆ చివర దీపం నేలలో కనపడుతుందనీ రాసేవారు. ఏ నేల గురించీ ఆయన అంత రాయలేదు. నేను ముఖ్యంగా చూడాలనుకుంది అదే. ఇంకో రెండు రోజులు కలపండి.

మీ చెల్లెలు


మార్చి 12

ప్రియమైన చెల్లెమ్మకు,

కొండ కింద ఊరికి దారి బాగుండదు. వానొస్తే రాళ్లు పడతాయి. పైగా ఆసుపత్రిలో రోగి తాలూకు మనుషుల్ని తప్ప ఎవరినీ రానివ్వరు. అంత దూరం వెళ్లి గేటు చూసి రావడం దేనికి? ఆసుపత్రి నేల ఎక్కడైనా ఒకటే.

గుడ్డ జారకుండా రెండు పిన్నులు తెచ్చుకో. మీ వదిన నీ కోసం పక్క గది ఖాళీ చేయిస్తోంది.

మీ అన్నయ్య


మార్చి 28

ప్రియమైన అన్నయ్యకు,

టికెట్లు ఇచ్చే ఆఫీసులో అడిగాను. కొండ కింద ఊరికి రోజూ పొద్దున ఎనిమిదికి బస్సు ఉందట, రోడ్డు వేసి పదేళ్లయిందట. ఆసుపత్రి పెద్ద హాలులోకి ఎవరైనా వెళ్లొచ్చట. మీకు అబద్ధాలు చేతకావు అన్నయ్యా.

తోటికోడలు నిన్న మొహం మీదే అనేసింది. "అంత కాలం మగాడు ఒంటరిగా ఉంటాడా అక్కా, అక్కడ ఇంకో ఇల్లు ఉండే ఉంటుంది, అందుకే మీ అన్నయ్య అక్కడికి రావద్దంటున్నాడు." ఆ మాట పట్టించుకోలేదని మీతో అనను. ఇవాళ కొట్టులో ఒకాయన ప్యాంటు రెండు కాళ్లూ వేరు వేరు పొడవుకి కత్తిరించాను. పదిహేనేళ్లలో ఎప్పుడూ జరగలేదు.

ఉంటే చెప్పండి. పిల్లలుంటే ఎంతమందో, ఏం చదువుతున్నారో చెప్పండి. గొడవకి రాను. నాకు తెలియని మనిషితో ఇరవై ఆరేళ్లు ఉన్నానా అన్నది తేలాలి, అంతే.

టికెట్లు కొనేశాను. మే 6న దిగుతాను. కొండ కింద ఊరు బస్సు టికెట్టు కూడా ఉంది.

మీ చెల్లెలు


ఏప్రిల్ 15

ప్రియమైన చెల్లెమ్మకు,

నీ ఉత్తరం వచ్చి వారమైంది. నాలుగుసార్లు రాసి చింపేశాను.

ఆడదీ లేదు, పిల్లలూ లేరు. ఆ మాట మనసులోంచి తీసెయ్. నా పిల్లల మీద ఒట్టు.

పదకొండేళ్ల కిందట లైబ్రరీలో ఆఖరి గది వేస్తున్నాం. సాయంత్రం అందరం లేచాం, వాడు లేవలేదు. సిగ్గుపడుతూ నవ్వాడు. నేనూ ఇంకో మనిషీ చెరో చెయ్యీ పట్టుకుని లేపాం. మోకాళ్లు రెండూ అరిగిపోయాయని, ఇంకెప్పుడూ నేల మీద వంగి కూర్చోకూడదని డాక్టరు చెప్పాడు. కంట్రాక్టరు వేరేవాణ్ణి పెట్టుకున్నాడు.

ఇంటికి పొమ్మన్నాను. వినలేదు. "వెళ్లి ఏం చెప్పను? అది ఊరంతా టైల్స్ మేస్త్రీ పెళ్లాన్నని చెప్పుకుంటుంది" అన్నాడు. రెండేళ్లు ఏవేవో చిల్లర పనులు చేశాడు. తర్వాత ఆ ఆసుపత్రిలో చేరాడు. ఆ నేల వేసింది వేరేవాళ్లు చెల్లెమ్మా. మా వాడు దాన్ని తుడిచాడు. ఏడేళ్లు, రోజుకి రెండు పూటలు. నీకు చెప్పనని నా చేత మాట తీసుకున్నాడు. ఇవాళ ఆ మాట తప్పాను.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను, ఇది వాడికీ చెప్పలేదు. ఒకసారి చెప్పాపెట్టకుండా చూడ్డానికి వెళ్లాను. పొడుగాటి వసారాలో బూడిదరంగు యూనిఫారంలో, బకెట్టు పక్కన వాడు. నన్ను చూశాడు. చూసి గోడ వైపు తిరిగాడు. నేను దగ్గరికి వెళ్లి భుజం మీద చెయ్యి వెయ్యాల్సింది. వెయ్యలేదు. వాడి పరువు కాపాడుతున్నాననుకుని వెనక్కి వచ్చేశాను. తర్వాత కలిసినప్పుడు ఇద్దరం ఆ సంగతి ఎత్తలేదు.

ఇది తెలిశాక కూడా వస్తానంటే మే 6న విమానాశ్రయం గుమ్మం దగ్గరే ఉంటాను.

మీ అన్నయ్య


మే 14, కొండ కింద ఊరు

ప్రియమైన అన్నయ్యకు,

రేపు సాయంత్రానికి మీ ఇంట్లో ఉంటాను, అయినా రాస్తున్నాను. ఇది మీకు వినపడేలా అరిచి చెప్పే సంగతి కాదు. వదిన ముందు నా వల్ల కాదు కూడా. విమానం దిగిన రోజు మీరు నా సంచి లాక్కుని ముందు నడిచారు, ఏమడిగినా చెవి చూపించారు. మీ బాధ నాకు అర్థమైంది. అందుకని ఈ ఉత్తరం రేపు మీ చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్లిపోతాను. మీరు నింపాదిగా చదవండి.

రాజధానిలో తూర్పు గుమ్మం దగ్గర ఒకావిడ నా తల మీద గుడ్డ సర్ది, తన పిన్ను తీసి పెట్టింది. ముంగిట్లో చాలాసేపు కూర్చున్నాను. పక్కన ఎవరెవరో వచ్చి కూర్చున్నారు, లేచి వెళ్లారు. నువ్వెవరు, ఎందుకొచ్చావు అని ఒక్కరూ అడగలేదు. పలక మీద చెయ్యి పెట్టి చూశాను, చల్లగా ఉంది. ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. లైబ్రరీలోనూ రాలేదు. ఇక్కడ వచ్చింది, కానీ నేల చూసి కాదు.

మీకు తెలియనిది ఒకటుంది. ఆయన సెలవుకి వచ్చినప్పుడల్లా పని ప్యాంట్లకి మోకాళ్ల దగ్గర మాసికలు వేసేదాన్ని. చివరి నాలుగు సెలవుల్లోనూ మోకాళ్లు చిరగలేదు. గుడ్డతోనే బతికేదాన్ని, చూడకుండా ఉంటానా. పెద్ద మేస్త్రీ అయ్యారు, నిలబడి చేయిస్తున్నారు అనుకుని మురిసిపోయాను. కొట్టులో అందరికీ చెప్పాను.

ఆఖరిసారి వచ్చినప్పుడు వంటగది నేల వెయ్యమన్నాను. సిమెంటు పెచ్చులు లేచిపోయింది, టైల్స్ కూడా కొని ఉంచాను. ఇవాళ రేపు అంటూ వాయిదా వేశారు. పదో రోజున నాకు కోపమొచ్చింది. "ఊరందరికీ నేలలు వేస్తారు, సొంత ఇంటికి వెయ్యడానికి చేతులు రావు" అన్నాను. ఆయన కాసేపటికి వంటగదిలోకి వెళ్లి గుమ్మం పట్టుకుని వంగబోయారు, మళ్లీ నిలబడ్డారు. నేను చూశాను. బద్ధకం అనుకున్నాను. మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ ఒరిగిపోయారు. ఈ రెండేళ్లూ నన్ను తినేసింది ఆ మాట అన్నయ్యా. అక్కడ ఇంకో ఆడది ఉందేమో అనుకున్నప్పుడు, నిజం చెప్పనా, ఒక పక్క ఊరట కూడా కలిగింది. ఉంటే నా మాట అంత తప్పు కాదు కదా అని.

ఇవాళ పది గంటలకి ఆసుపత్రికి వెళ్లాను. ఆయన ఫొటో పట్టుకుని అందరికీ చూపించాను. మందులిచ్చే కిటికీలో అమ్మాయి తల అడ్డంగా ఊపింది. కాపలా మనిషి ఫొటో తిప్పి వెనక కూడా చూశాడు. తుడిచేవాళ్లంతా కొత్తవాళ్లని, కిందటేడు కంట్రాక్టు మారిందని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడు. ఏడేళ్లు పనిచేసిన చోట ఆయన్ని ఎరిగిన మనిషి ఒక్కరు దొరకలేదు.

ఇక చేసేదేం లేక రెండో అంతస్తు వసారాలో అటూ ఇటూ నడుస్తున్నాను. ఆయన రాసింది నిజమే, ఆ చివరి దీపం నేలలో కనపడుతోంది. మధ్యలో ఒకతను తుడుస్తున్నాడు, ఆయన వయసే ఉంటుంది. నేను దగ్గరికి వస్తుంటే చెయ్యెత్తి ఆగమన్నాడు. నేల తడిగా ఉంది. ఆగాను. అతను తుడుస్తూ ఆ చివరికి వెళ్లిపోయాడు. పక్క నుంచి నర్సులు తొక్కుకుంటూ పోయారు, స్ట్రెచర్ ఒకటి పోయింది, ఎవరిదో టీ ఒలికింది. అతను వెనక్కి వచ్చి మళ్లీ మొదటి నుంచి తుడిచాడు. నేను కదల్లేదు. అప్పుడు ఏడుపొచ్చింది.

అతను చూశాడు. లోపల నా వాళ్లెవరో పోయారనుకున్నట్టున్నాడు. బకెట్టు పక్కన పెట్టి, గోడ దగ్గరున్న స్టూలు తెచ్చి వేసి, కూర్చోమని సైగ చేశాడు. కూర్చున్నాను. నేల ఆరేదాకా అతను నా పక్కనే నిలబడ్డాడు. ఆరాక, ఇక వెళ్లొచ్చు అన్నట్టు దారి చూపించాడు.

మీ చెల్లెలు