పంటు మీద గొడుగు

ఒరే సత్తిగా,

రాజమండ్రి పుర ప్రజలకు తెలియజేయడమేమనగా, నేను సినిమా తీశాను! పది సెకన్లే. "వానలో గోదావరి, సాయంత్రం, రేవుకొస్తున్న పంటు, నడిపే సరంగు" అని ఫోన్లో రాస్తే ఏఐ తీసిపెట్టింది. అచ్చం మన రేవే. కానీ సరంగు చేతికి గొడుగిచ్చింది! నువ్వేమో తుపానులో పంటు నడుపుతూ కూడా, "గోదారోడికి గొడుగేంట్రా, సన్నాసీ" అని నన్ను తిట్టేవాడివి.

ఇవాళ నీ సంవత్సరీకం. ఎలాగైనా నవ్వించాలని మీ ఆవిడకు చూపించాను. "ఆయన గొడుగు పట్టడమేంటి అన్నయ్యగారూ, ఇది మీ కోతిపనే" అంటూ పడీపడీ నవ్విందిరా, నువ్వు పోయాక మొదటిసారి.

అన్నీ నిజాలే రాశాను, ఆ మాటా ఆ నవ్వూ తప్ప. చెల్లెమ్మ కొంగుతో ఫోను తుడిచి, "ఇంకోసారి పెట్టండి" అంది, అంతే.