అవ్వ పక్కన నీ జాగా

నాయనా,

తోట మళ్ళీ మనదయింది. ఈపొద్దు హైకోర్టులో పెద్ద బెంచి తీర్పు చెప్పిందని వకీలు ఫోన్ చేసినాడు.

తాతకు సర్కారు ఇచ్చినట్టాంటి పట్టా భూములు ఇన్నేళ్ళ తర్వాత వెనక్కి తీసుకోకూడదని, అదే కోర్టు అప్పుడెవరి కేసులోనో చెప్పింది. ఆ ధైర్యంతోనే నువ్వు కొత్త బోరు ఏయించినావు. "కోర్టు ఒకసారి చెప్పినాక మారుస్తుందా అప్పా" అని బంగారుపాళ్యం బస్టాండులో కనపడినోళ్ళందరికీ చెప్పినావు. తీరా సర్కారు మన తోట మీదికే వచ్చి, మన కేసు కోర్టుకెక్కేసరికి ఆ తీర్పే తప్పన్నారు. తోట గేటుకు తాళం పడింది. ఇప్పుడేమో ఆ తప్పనడమే తప్పంట, మొదట చెప్పిందే సరైందంట. అన్నీ ఆ కోర్టు మాటలే.

అవ్వను తోటలో పూడ్చినప్పుడే, మీయమ్మ పక్కన నీకని జాగా వదిలిపెట్టుకున్నావు. అంత మంచి నేలలో ఒక్క మామిడి మొక్క కూడా నాటనీలేదు. నువ్వు పోయిన రోజు నిన్ను ఆడికే మోసుకోని పోతే, ఇది సర్కారు భూమి అని గేటు కాడే ఆపినారు. వెనక్కి తిరిగి, ఊరి శ్మశానంలో పూడ్చి వచ్చినాము.

"సంతోషమే కదప్పా" అన్నాడు వకీలు.

"మా నాయనను లేపి అడగండి సార్" అన్నాను.

తమ్ముడు ఆ జాగాలో బేనీషా మామిడి నాటుదామంటాడు. వద్దన్నాను. కోర్టు మళ్ళీ మాట మార్చేలోపల నేను పోతే, ఆ జాగా నాకైనా పనికొస్తుంది.