ఇల్లుబండిలో ముందు సీటు

వీధిలో అందరూ టైలరక్క అని పిలిచే నేను, ఒంట్లో జబ్బు ముదిరినా బుర్ర మాత్రం దివ్యంగా పనిచేస్తుండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా స్వార్జితం గురించి ఇష్టపూర్వకంగా రాయిస్తున్న వీలునామా ఇది. దీన్ని అమలు జరపవలసిన బాధ్యత కోర్టు గుమాస్తా అయిన మా మరిదిది. మొహమాటపడి మధ్యలో ఒక్క ముక్క కూడా మింగెయ్యకుండా పైకి చదవాలి. వాళ్లిద్దరూ వినాలి. వాళ్లిద్దరూ అంటే నా భర్త, నా చెల్లెలు.

1. నా కుట్టుమిషను, కత్తెరలు, షాపులోని బల్ల పక్క షాపు ఇస్త్రీ ఆవిడకు చెందవలెను. ఆవిడ ఏనాడూ నా కుర్చీలో కూర్చోలేదు.

2. ఫోటోల ఆల్బం చెల్లికి. ఉంచుకోమనండి. జలపాతం దగ్గర తను, ఆయన. పాడుబడ్డ కోట మెట్ల మీద తను, ఆయన. కుమ్మరుల ఊళ్లో సారె ముందు తను, ఆయన. తీసింది నేను కాబట్టి నేనెక్కడా లేను. గుహల దగ్గర టిక్కెట్లిచ్చేవాడు చెల్లిని చూపించి, “మీ ఆవిడకి హెల్మెట్ పెట్టండి సార్, తల తగుల్తుంది” అన్నాడు. ఈయన పెట్టాడు! ఇదేంటండీ అంటే, “వెనక అంత క్యూ ఉంటే వాడికేం వివరిస్తాం?” అన్నాడు. “ఈవిడ కాదు, ఆవిడ” అనడానికి ఎంతసేపు పడుతుంది? అప్పుడు ఒళ్లు మండింది. ఇప్పటికీ మండుతోంది.

3. మేము ఇల్లుబండి అని పిలుచుకునే క్యాంపర్ వ్యాను నా కుట్టు సంపాదనతో కొన్నది, నా పేరున రిజిస్టరైనది. అందులో పొయ్యి, మడతమంచం, కిటికీలకు నేను కుట్టిన తెరలు కలవు. మొగుడు పోయి దిగులుగా ఉందని చెల్లిని మాతో రమ్మన్నది నేనే. వెనక కూర్చుంటే కడుపులో తిప్పుతుందంటూ మొదటిరోజే ముందు సీటెక్కింది, ఇక దిగలేదు. పడవలో ఊగిపోతూ బిస్కెట్లు తిన్నప్పుడు మాత్రం ఏమీ తిప్పలేదు మహాతల్లికి! వెనక సీటు వెనక్కే తిరిగి ఉంటుంది. నేను గిన్నెలు పడకుండా పట్టుకుని అందులో కూర్చునేదాన్ని. “అక్కా, జింకలే, చూడవే!” అని అరిచేది. నాకు కనిపించేసరికి అవి పొదల్లోకి పోయేవి. ముందు ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. దేనికి నవ్వుతున్నారో ఇంజను మోతలో నాకు వినపడేది కాదు.

4. నేను పోయాక వీళ్లిద్దరూ ఈ బండెక్కి ఊళ్లు తిరుగుతారని నాకు కుళ్లు. అవును, కుళ్లే. అందుకే బండిని తుక్కు కింద అమ్మెయ్యమని మొదట రాయించాను. “మరి అన్నయ్యకి ఇంకేం మిగుల్తుంది వదినా?” అన్నాడు మరిది. ఆ మాట నిజమేననిపించింది. కావున ఆ షరతు రద్దు. బండి సర్వహక్కులతో నా భర్తకు దఖలు పరుస్తున్నాను. చెల్లి వెళ్లవచ్చును, కానీ వెనక సీట్లోనే కూర్చోవలెను. ముందు సీటు ఖాళీగా ఉండవలెను. కడుపులో తిప్పితే నిమ్మకాయ వాసన చూడవచ్చును.

5. వెనక సీటుకి ఒక పని ఉంది. బండి వెనక్కి తీసేటప్పుడు అద్దాల్లో ఏమీ కనపడదు. నేను కిటికీలోంచి చూస్తూ బండి గోడమీద చేత్తో కొడతాను. ఒక దెబ్బంటే రావచ్చు, వెంటవెంటనే రెండంటే ఆగు. ఈ సంగతి చెప్పకుండానే పోదామనుకున్నాను, ఏ కాలవలోనో దిగబడితే ఇద్దరికీ తిక్క కుదురుతుందని. కానీ ఆయన లోయ అంచున బండి ఆపి టీ తాగే రకం. చెల్లీ, గట్టిగా కొట్టు. ఆయనకి ఎడమ చెవి సరిగ్గా వినపడదు, నాకు తప్ప ఎవరికీ తెలియదు. అలాగని సంబరపడకు. ఇన్నేళ్లూ ఆ చప్పుడు నాదే. కొట్టేది నువ్వయినా, నేననుకునే ఆగుతాడు.

తేదీ: మార్చి పన్నెండు, మంగళవారం

(సంతకం) టైలరక్క

మా కళ్లముందే సంతకం పెట్టిందని సాక్షులు:
1. మందుల షాపు ఆయన
2. ఎదురింటి లెక్కల మాస్టారు