చివర మాట్లాడే చోటు

గుడియాత్తం

గోమతీ,

తొరపాడిలో మీ అక్క ఇంట్లో బాగున్నావనుకుంటాను. నువ్వు వెళ్ళాక కూడా అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ నుంచి రాగానే పేకముక్కలు తీస్తున్నాను. పోకర్‌కి ఇద్దరికీ పంచుతాను. నిన్న నీ వైపు రెండు ఇస్పేట్లు, నేల మీద ఇద్దరికీ చెల్లే ముక్కల్లో రెండు. ఇంకొకటి వస్తే అయిదూ ఇస్పేట్లే. నువ్వుంటే నీ కుప్పంతా ముందుకు తోసేదానివి.

మందు అంటని అగ్గిపుల్లలే కదా మన పందెం. కుప్ప చిన్నదైతే పోయేదీ చిన్నదే. అంత పెద్ద కుప్పలు పెట్టుకుని, ముందు పందెం మాట్లాడాల్సిన చోట కూర్చుని, ఇంకా రాని ముక్కను నమ్ముకోవద్దని ఎన్నిసార్లు చెప్పాను! "ఇంకో ముక్క ఉండాది గదా మామా" అనేదానివి. పాప ఆసుపత్రిలో గాజుపెట్టెలో ఉన్నప్పుడూ ఆ ఆశే నీది.

చింతపండు ఎక్కడ పెట్టావో రాయి.

నీ
సెల్వం

*

తొరపాడి

మామకి గోమతి చెప్పి రాయించేది,

నాకు తెలుగు అక్షరం రాదు గదా, పచ్చయమ్మక్క చిత్తూరు బళ్ళో చదివింది గాబట్టి రాస్తా ఉండాది. చింతపండు జాడీ అటక మీద ఉండాది. దీనికా కాగితం రాసినావు? "మీ ఆయనకి నువ్వు కావాల్నా, పులుసు కావాల్నా అడుగు" అని అక్క నవ్వతా ఉండాది.

ముక్కలు పంచేది ఎప్పుడూ నువ్వే. పంచినోడే చివర మాట్లాడాల. ఇంట్లోనూ అట్లనే అయిపాయె. పాప పొయ్యినాక ఏడ్చింది నేనే, అడిగింది నేనే. బస్సెక్కతా "నేను పోతా ఉండా" అంటే నువ్వు "సరే" అన్నావు.

వచ్చే ఆదివారం పళ్ళికొండ గుడికి రా. ఈసారి నువ్వు ముందర మాట్లాడు. ఇంటికి రా అంటే అట్లనే వచ్చేస్తా. గుడ్డల సంచి తెస్తా.

గోమతి

*

గుడియాత్తం

గోమతీ,

ఆదివారం గుడి ముందు నీ చేతిలో సంచి చూశాను. చెప్పాల్సిన మాట బస్సులో దారంతా నాలో నేను చెప్పుకుంటూనే వచ్చాను. నువ్వు నా ముఖంలోకే చూస్తూ నిలబడ్డావు. చివరికి నువ్వే అడిగావు, "బాగుండావా మామా?" అని. "ఊ" అన్నాను. "అయితే నేను పోతా" అన్నావు. "సరే" అన్నాను.

ఆ మాట నా నోటికి ఎందుకొచ్చిందో ఇంటికి చేరాక తెలిసింది. పందెం పెట్టకుండా ఊరుకోవడాన్ని ఆ ఆటలో చెక్ అంటారు. నీకు నోరు తిరగలేదని మన ఇంట్లో దాన్ని 'సరే' చేశాం. సరే అంటే వదిలేశానని కాదు. నేనింకా ఆటలోనే ఉన్నాను, ఇంకో ముక్క చూద్దాం అని. రెండుసార్లూ నేనన్నది ఆ సరే. నువ్వు విన్నది ఊళ్ళోవాళ్ళ సరే.

నీ మనసులో ఏముందో తెలియకుండా, ఈసారి నేనే ముందు చెబుతున్నాను. ఇంటికి రా గోమతీ. పాప నాకూ రోజూ గుర్తొస్తుంది. నీ ఎదుట ఏడవడం చేతగాక ముక్కలు పంచాను.

నీ
సెల్వం

*

తొరపాడి

మామా,

నీ కాగితం అక్క రెండుసార్లు చదివింది. రెండోసారి చదవలేక మధ్యలో నిలిపేసింది.

ఆటలో సరే యాదో, బతుకులో సరే యాదో నాకెట్ల తెలుస్తాది మామా? ఆ ఆదివారం గుడి నుంచి వస్తా, బస్సు విరించిపురం వచ్చేదాకా కిటికీలోంచి వెనక్కే చూస్తా ఉండినా, నువ్వు ఇంకో బస్సెక్కి వస్తావేమోనని. ఆడ తల తిప్పుకున్నా. నా ముక్కలు ఆడనే పడేసినా.

పడేసినాక మంచి ముక్క వచ్చినా మళ్ళా చేతిలోకి తీసుకోగూడదని నేర్పించింది నువ్వే. ఒకతూరి నేను ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు, గుర్తుండాదా?

ఒక హాస్టలు వంటింట్లో పనికి చేరినా. నీ మీద కోపం లేదు. నేనింక రాను. పాప టోపీ నా దగ్గరే ఉండనీ.

గోమతి

*

గుడియాత్తం

గోమతీ,

టోపీ నీ దగ్గరే ఉంచుకో. అగ్గిపుల్లలు రెండు కుప్పలూ పొయ్యిలో వేశాను. మందు లేకపోయినా బాగానే మండాయి.

నువ్వు రానని రాశావు.

సరే.

ఇది మన ఆటలోది కాదు.

సెల్వం